చెట్ల కాలనీలో కాపురం: సైనిక్‌పురి, యాప్రాల్, అల్వాల్ వైపు ఇల్లు చూసుకునేవాళ్లకు

హైదరాబాద్‌కు ఈశాన్యాన సైనిక్‌పురి, డిఫెన్స్ కాలనీ, వాయుపురి, నేరేడ్‌మెట్, యాప్రాల్, ఇంకాస్త పడమరకు వెళ్తే అల్వాల్, బొల్లారం. ఆదివారం పొద్దున ఈ వీధుల్లో ఒక చుట్టు తిరిగినవాళ్లు అద్దెకో, కొనుక్కోవడానికో ఇక్కడే ఇల్లు వెతకడం మొదలుపెడతారు. వేపలు, కానుగలు రోడ్డు మీదికి వంగి ఉంటాయి. హారన్ల మోత తక్కువ. సైన్యంలో చేసి రిటైరైనవాళ్లు కట్టుకున్న కాలనీలు కాబట్టి పాత ప్లాట్లు పెద్దవి, ప్రతి ఇంట్లో నాలుగు చెట్లకు చోటుంది. 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వచ్చాక దాని ఉద్యోగులు చుట్టుపక్కల స్థిరపడ్డారు. మధ్యలో మిలిటరీ భూముల్లో ఎవరూ అపార్టుమెంటు లేపలేరు గనక ఆ పచ్చదనం అలాగే మిగిలింది.

ఆ మిలిటరీ భూముల వల్లే ఇక్కడ ప్రశాంతంగా ఉంటుంది, ఆఫీసు దారి చిక్కుపడేదీ వాటివల్లే. చెట్ల సంగతీ అంతే. మే నెలలో ఇంటిని చల్లగా ఉంచే చెట్టే డ్రైనేజీ గొట్టంలోకి వేరు పంపుతుంది. ఈ రెండూ ముందే లెక్కలో వేసుకుని వచ్చినవాళ్లు ఇక్కడ పాతికేళ్లు ఉంటారు, ఆదివారం చూసి సోమవారం అడ్వాన్సు ఇచ్చినవాళ్లు రెండేళ్లకు కొండాపూర్‌కు మకాం మారుస్తారు.

ముందు దారి, తర్వాతే ఇల్లు

ఇల్లు నచ్చిందా లేదా అన్నది తర్వాత. మంగళవారమో బుధవారమో పొద్దున 8:30కి ఆ ఇంటి గేటు దగ్గర నిలబడి అక్కడి నుంచి ఆఫీసుకు వెళ్లి చూడండి. సాయంత్రం ఆఫీసు వదిలే టైముకే తిరుగు ప్రయాణం కూడా చేయండి. మ్యాపులో రాత్రి పదింటికి చూపించే టైము ఎందుకూ పనికిరాదు. సోమవారం, శుక్రవారం కూడా మామూలు రోజుల కింద లెక్కకు రావు.

సికింద్రాబాద్, తార్నాక, బేగంపేట, ఉప్పల్ వైపు ఉద్యోగమైతే ఈ ప్రాంతం హాయి. సికింద్రాబాద్ స్టేషన్ సుమారు పది కిలోమీటర్లు. హైటెక్ సిటీ అంటే పాతిక కిలోమీటర్ల పైమాటే, దానికి మూడు దారులున్నాయి.

ఒకటి, బండి మీద పరేడ్ గ్రౌండ్ మెట్రో స్టేషన్‌కో తార్నాకకో వెళ్లి, అక్కడ పార్కింగ్‌లో పెట్టి, నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే నీలం లైను ఎక్కడం. హైటెక్ సిటీకైనా, రాయదుర్గానికైనా దారిలో రైలు మారే పని లేదు. నేరేడ్‌మెట్, అల్వాల్ వాళ్లకు పరేడ్ గ్రౌండ్ దగ్గర. ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్, కాప్రా వాళ్లకు మౌలాలి మీదుగా తార్నాక నయం. పార్కింగ్‌కు డబ్బులు కట్టాలి, తొమ్మిది దాటితే చోటు దొరకడమూ కష్టమే. రోజూ వెళ్లేవాళ్లలో ఎక్కువమంది చివరికి స్థిరపడేది ఈ దారి మీదే.

రెండు, ఎంఎంటీఎస్ లోకల్ రైలు. సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వెళ్లే లైనులో సఫిల్‌గూడ, రామకృష్ణాపురం గేట్, అమ్ముగూడ, అల్వాల్, బొల్లారం స్టేషన్లున్నాయి. 2023 ఏప్రిల్‌లో ఈ లైను మీద ఎంఎంటీఎస్ మొదలైంది. టికెట్టు చాలా చవక. చిక్కంతా రైళ్ల సంఖ్యతోనే. రోజు మొత్తం మీద కొన్నే ఉంటాయి, ఒకటి తప్పితే రెండోదాని కోసం చాలాసేపు చూడాలి. మీ ఆఫీసు టైముకు సరిపడే రైలు వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి ఉంటేనే దీన్ని నమ్ముకోండి. ఒకవైపే కుదిరితే అది రైలు సౌకర్యం కిందికి రాదు.

మూడు, ఔటర్ రింగు రోడ్డు. శామీర్‌పేట దగ్గరో మేడ్చల్ దగ్గరో ఎక్కి గచ్చిబౌలి దిగడం. దూరం దాదాపు రెట్టింపు, టోలు, పెట్రోలు అదనం. అయితే పట్టే టైము మాత్రం రోజూ ఇంచుమించు ఒకటే. వారానికి రెండు రోజులే ఆఫీసుకు వెళ్లేవాళ్లకు ఇది గిట్టుబాటవుతుంది, ఐదు రోజులు వెళ్లేవాళ్లకు కాదు.

బస్సుల విషయానికొస్తే, ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్ నుంచి సికింద్రాబాద్ వైపు బాగానే తిరుగుతాయి. తెలంగాణ చిరునామాతో గుర్తింపు కార్డున్న మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి ప్రయాణం ఉచితం. కాలనీ లోపలి వీధుల్లోకి మాత్రం బస్సు రాదు. మెయిన్ రోడ్డు దాకా నడక ఎంతో అడుగులు లెక్కపెట్టే చూడండి. కిలోమీటరు దాటితే ఇంట్లో రెండో బండి తప్పదు.

ఇప్పుడు మిలిటరీ రోడ్ల సంగతి. యాప్రాల్, సైనిక్‌పురి, నేరేడ్‌మెట్ నుంచి సికింద్రాబాద్‌కు దగ్గర దారులు కొన్ని ఏఓసీ (ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్) సెంటర్ లోపలి నుంచి వెళ్తాయి. రోడ్డు నున్నగా ఉంటుంది, రెండు వైపులా చెట్లు. కానీ అవి మిలిటరీ వాళ్ల అజమాయిషీలో ఉన్న రోడ్లు. రాత్రిళ్లు గేట్లు వేస్తారు. భద్రత కారణంగానో, పరేడ్ ఉందనో పగలు కూడా ఆపవచ్చు. వీటిని బయటివాళ్లకు పూర్తిగా తెరవాలా, మూయాలా అన్న తగువు ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. అందుకని ట్రయల్ ప్రయాణం రెండుసార్లు చేయండి, ఒకసారి ఏఓసీ దారిలో, ఒకసారి ఆ దారి అసలు లేదనుకుని ఆర్కే పురం ఫ్లైఓవర్, మల్కాజ్‌గిరి మీదుగా. ఈ రెండో టైమును కూడా భరించగలమనుకుంటేనే ఇల్లు ఖాయం చేసుకోండి. నైట్ షిఫ్టు వాళ్లు రెండోదాన్ని ఒక్కటే లెక్కేసుకుంటే చాలు.

"మెట్రో వస్తోంది, ఫ్లైఓవర్ వస్తోంది" అని బ్రోకరు చెబుతాడు. శామీర్‌పేట వైపు రాజీవ్ రహదారి మీద, మేడ్చల్ వైపు జాతీయ రహదారి మీద ఎలివేటెడ్ కారిడార్లకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగిన మాట నిజమే. అయితే పైన వంతెన కట్టినన్నాళ్లు కింద రోడ్డు ఇరుకవుతుంది. ఇవాళ ఉన్న రోడ్డును చూసే ధర మాట్లాడండి.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు

పనిరోజు పొద్దున వెళ్లడంలో ఇంకో లాభముంది. హకీంపేట వైమానిక దళ కేంద్రం దగ్గరే. శిక్షణ విమానాలు, హెలికాప్టర్లు పగటిపూట అల్వాల్, బొల్లారం, యాప్రాల్ మీదుగా తిరుగుతాయి. ఆదివారం అవి ఎగరవు, అందుకే ఆదివారం చూసినవాళ్లకు ఊరు మరీ నిశ్శబ్దంగా అనిపిస్తుంది. ఇంటి నుంచి మీటింగులు పెట్టుకునేవాళ్లు కిటికీ తెరిచి గంటసేపు కూర్చుని చూడాలి.

చెరువు కనిపించే ఇల్లయితే మరింత జాగ్రత్త. కాప్రా చెరువు, రామకృష్ణాపురం చెరువు, సఫిల్‌గూడ చెరువు ఇటువైపే ఉన్నాయి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్. ఆ లోపల కట్టడానికి వీల్లేదు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ గీతలకు విలువ పెరిగింది. కొనేవాళ్లు హెచ్ఎండీఏ చెరువుల మ్యాపులో సర్వే నంబరు పెట్టి చూడాలి. "ముప్పై ఏళ్లుగా ఉంటున్నాం" అన్న మాట ఆ గీతను ఒక్క అడుగు కూడా జరపదు. అద్దెవాళ్లకు గీతతో పనిలేదు గానీ గుర్రపుడెక్క పేరుకున్న ఒడ్డు దోమలను ఏడాది పొడవునా పంపిస్తుంది.

లోపలికి వెళ్లాక గోడల రంగు కాదు, ఈ నాలుగు చూడండి. మ్యాన్‌హోల్ మూత తీయించి, పై బాత్రూములో రెండు బకెట్ల నీళ్లు ఒకేసారి పోయించండి. పది, పదిహేను సెకన్లలో నీళ్లు కింద కనబడి, ఆగకుండా పారాలి. గుడగుడమని వెనక్కి తన్నితే గొట్టంలో వేళ్లున్నట్టే. ప్రహరీ గోడలో కింద సన్నగా మొదలై పైకి వెడల్పయ్యే పగులుంటే చెట్టు మొదలు గోడను తోస్తోందని అర్థం. సంపులోకి టార్చి వేసి గోడలు చూడండి, గోధుమ రంగు దారాల్లా వేళ్లు వేలాడుతుంటే సంపు కారుతోంది. చివరగా పిట్టగోడ, సజ్జల మీద రావి మొలకలు. పిట్టలు వేసిన గింజ సిమెంటు సందులో మొలిచి, రెండేళ్లలో చిటికెన వేలంత వేరు పెడుతుంది. మొలకలు బొటనవేలు మందం దాటాయంటే ఆ ఇంటి ఓనరు మిగతావి కూడా అలాగే వదిలేశాడనుకోవచ్చు.

నీళ్లు

వాటర్ బోర్డు నీళ్లు చాలా వీధుల్లో రోజు విడిచి రోజు వస్తాయి. అప్పుడప్పుడూ పైపులైను రిపేరని ఒక వంతు పోతుంది. సంపు ఎంత ఉండాలో లెక్క ఇలా వేయండి. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురికి 540. ఎండాకాలంలో తోటకు చదరపు మీటరుకు 5 లీటర్లు, 40 చదరపు మీటర్లుంటే 200. మొత్తం 740. ఒక వంతు తప్పినా నాలుగు రోజులు గడవాలంటే 3,000 లీటర్లు కావాలి. సంపు 5,000 లీటర్లది అయితే నిశ్చింత. దానికి ఇంకో కారణం కూడా ఉంది. బోర్డు ట్యాంకరు 5,000 లీటర్లు తెస్తుంది. సంపు చిన్నదైనా, సగం నిండి ఉన్నా మిగిలిన నీళ్లు రోడ్డు పాలే, డబ్బు మాత్రం పూర్తిగా కట్టాలి. ట్యాంకరును సంపు అడుగంటాకే పిలవండి.

నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకం వర్తించాలంటే మీటరు పనిచేయాలి, కనెక్షన్ నంబరుకు ఆధార్ జోడించి ఉండాలి. అద్దెకు దిగేముందు ఆఖరి నీటి బిల్లు అడిగి చూడండి. అందులో మీటరు రీడింగు కదలకుండా ఒకే అంకె ఉంటే మీటరు ఆగిపోయిందని లెక్క. పాత బకాయిలు మీ నెత్తిన పడకుండా అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించుకోండి.

సంపు కారుతోందేమో తేల్చుకోవడం సులువు. రాత్రి పడుకునేముందు మోటారు ఆపి, లోపలికి వచ్చే వాల్వు కట్టేసి, నీటి మట్టం దగ్గర సుద్దతో గీత గీయండి. పొద్దున్నే చూడండి. రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు ఉన్న సంపులో ఒక సెంటీమీటరు దిగితే 30 లీటర్లు పోయినట్టు.

వాన నీటిని వదులుకోవద్దు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 100 చదరపు మీటర్ల డాబా మీద పడేది 80,000 లీటర్లు, ఆవిరి, చెదురు పోగా 64,000 భూమిలోకి పంపవచ్చు. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు గుంత చాలు. అడుగున రెండడుగుల మందం 40 ఎంఎం రాయి, పైన అడుగు మందం 20 ఎంఎం కంకర, ఆపైన అడుగు దొడ్డు ఇసుక, మిగిలిన అడుగు ఖాళీ. చెట్ల కాలనీలో ఈ గుంతలు మూసుకుపోవడానికి కారణం మట్టి కాదు, ఆకు. డాబా గొట్టం మొదట్లో జాలీ, గుంతకు ముందు చిన్న అరుగుడు తొట్టి లేకపోతే రెండు వానాకాలాలకే ఇసుక పైన ఆకు కుళ్లి పొర కడుతుంది. ఏటా మే చివర్లో పైన మూడంగుళాల ఇసుక తీసి, కడిగి మళ్లీ వేయాలి. గుంతను ఇంటి పునాదికి పదడుగుల దూరంలో పెట్టండి.

చెట్టు ఎటు ఉండాలి, ఎప్పుడు కొట్టాలి

చాలామంది దక్షిణం వైపు చెట్టు ఉంటే వేసవిలో చల్లదనం అనుకుంటారు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తికి కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. ఎండాకాలం ఇల్లు కాగేది డాబా మీంచి, సాయంత్రం పడమటి గోడ మీంచి. కాబట్టి పడమరన వేపో కానుగో ఉన్న ఇల్లు దొరికితే కొంచెం ఎక్కువ అద్దె ఇచ్చినా నష్టం లేదు. దక్షిణపు చెట్టు నీడ ఇంటి మీద పడేది చలికాలంలో, ఎండ కావాలనిపించే రోజుల్లో.

సోలార్ పెట్టించే ఆలోచన ఉంటే ఆ దక్షిణపు చెట్టుతోనే పేచీ. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు హైదరాబాద్‌లో 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. డాబా కంటే 5 మీటర్లు పైకి లేచిన చెట్టు 12 గంటలకు నాలుగు మీటర్లకు పైగా నీడ వేస్తుంది, పొద్దున తొమ్మిదికి అది రెట్టింపు. ఒక వరుసలో కలిపిన ప్యానెళ్లలో ఒకదాని మీద నీడ పడ్డా ఆ వరుస మొత్తం దిగుబడి తగ్గుతుంది. అలాంటి డాబాకు ప్యానెల్‌కొకటి చొప్పున మైక్రో ఇన్వర్టర్ పెట్టమని అడగండి, లేదా ప్యానెళ్లను రెండు వేర్వేరు వరుసలుగా కలపమనండి. పీఎం సూర్య ఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. అయితే సబ్సిడీ కోసం నలభై ఏళ్ల చెట్టును కొట్టేస్తే ఏసీ బిల్లు ఆ లాభాన్ని తినేస్తుంది.

చెట్టును పూర్తిగా కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతి కావాలి, మీ ఆవరణలో మీరు నాటిందైనా సరే. కొమ్మలు తగ్గించుకోవడం వేరు. దానికి మంచి కాలం ఫిబ్రవరి, మార్చి, ఆకు రాలాక, కొత్త చిగురుకు ముందు. మామిడిని మాత్రం కాయ దించాక, జూన్, జులైల్లో. గాలివానలు ఏప్రిల్‌లోనే మొదలవుతాయి. అప్పుడు ముందుగా విరిగేవి తురాయి, మునగ, ఆకాశమల్లె. వేప, చింత తట్టుకుంటాయి.

మణికట్టు కన్నా లావైన కొమ్మను ఒకే వేటుతో నరికితే అది పడుతూ మాను బెరడును కిందిదాకా చీల్చుకుపోతుంది. మూడు కోతలు వేయించండి. మొదటిది మానుకు అడుగు దూరంలో కొమ్మ కింది నుంచి మూడో వంతు లోతు. రెండోది ఇంకో రెండంగుళాలు అవతల పైనుంచి పూర్తిగా, బరువంతా ఇక్కడే పడిపోతుంది. మూడోది మిగిలిన మోడును, కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మడతకు ఆనుకుని. మడతను కోయకూడదు, మోడును మిగల్చకూడదు. ఆ మడతే గాయాన్ని మూసేస్తుంది. పైన తారు పూయనక్కర్లేదు. నెత్తి మొత్తం నరికి మోడు చేసే పద్ధతి ఇక్కడ బాగా అలవాటు. అలా చేస్తే ఏడాదికల్లా గుత్తులుగా కొమ్మలు వస్తాయి గానీ వాటికి పట్టుండదు, మొదటి గాలివానకే రాలతాయి.

కరెంటు తీగకు ఆరడుగుల లోపల కొమ్మ ఉంటే దోటి, కొడవలి ముట్టుకోవద్దు, పచ్చి కొమ్మలో కరెంటు పారుతుంది. 1912కు ఫోన్ చేస్తే లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపి కొట్టిస్తాడు. అయితే వాళ్లు తీగ వైపు మాత్రమే చెక్కేసి వెళ్తారు. ఒకవైపు బోడిగా మిగిలిన చెట్టు బరువంతా రెండో వైపు, అంటే సాధారణంగా మీ ఇంటి వైపు ఉంటుంది. వాళ్లు వెళ్లిన వారంలోనే రెండో వైపు కొమ్మల్లో నాలుగో వంతు తీయించి సరిచేయండి.

వేళ్లు గట్టి గొట్టాన్ని పగలగొట్టలేవు, చెమ్మ ఊరే అతుకు కోసం వెతుక్కుంటాయి. పాత ఇళ్లలో సిమెంటు అతుకులున్న మట్టి గొట్టాలు ఇందుకే ఇబ్బంది పెడతాయి. ప్రతి వేసవిలో తీగ పెట్టి కెలికించడం కన్నా ఒకసారి 110 ఎంఎం పీవీసీ వేయించడం నయం. నలభై అడుగులకు అడుగు వాలు, ప్రతి మలుపు దగ్గర ఒక చాంబరు ఉండాలి. కొత్తగా నాటేవాళ్లు రావి, మర్రి, నిద్రగన్నేరు లాంటివి ఇంటి ఆవరణలో పెట్టవద్దు. కొబ్బరి డాబా అంచుకు పదడుగులు దూరంగా ఉంటే మట్టలు సోలార్ మీదా, కారు మీదా పడవు. నేరేడు కింద కారు పెట్టేవాళ్లకు జూన్‌లో ఎలాగూ తెలిసొస్తుంది.

ఆకుల లెక్క

జనవరి చివర మొదలై ఏప్రిల్ దాకా ఆకు రాలుతూనే ఉంటుంది. రావి, వేప ఫిబ్రవరి, మార్చిలో, కానుగ కాస్త అటూ ఇటుగా. బాదం ఏడాదికి రెండుసార్లు. పొద్దున ఊడ్చిన వాకిలి సాయంత్రానికి మళ్లీ నిండుతుంది. అగ్గిపుల్ల గీయడం తేలిక, కానీ ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం అది నేరం. పైగా చలి పొద్దుల్లో పొగ పైకి పోక వీధిలోనే తిరుగుతుంది, పక్కింటి తాతగారి దగ్గు మీ గోడ మీంచే వినబడుతుంది.

పదడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు కోళ్ల జాలీ తెచ్చి గుండ్రంగా చుడితే మూడడుగుల వ్యాసం ఉన్న గూడు అవుతుంది. ప్రహరీకి, ఇంటి గోడకు దూరంగా, మట్టి నేల మీద పెట్టండి. ఎనిమిది అంగుళాల మందం ఎండుటాకు వేసి కాలితో తొక్కాలి. పైన రెండు కిలోల పేడ కలిపిన 15 లీటర్ల బకెట్ నీళ్లలో సగం చల్లాలి, ఒక గంపెడు పచ్చి గడ్డో కూరగాయల తొక్కలో పరచాలి. మళ్లీ ఆకు. ఇలా పైదాకా. మూడు వారాలకోసారి కలిపి తిరగవేయాలి. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. అసలు రాకపోతే ఎండిపోయింది, చీమలు చేరతాయి, ఆకు ఆరు నెలలైనా అలాగే ఉంటుంది. ధారగా కారితే వాసన వస్తుంది, అప్పుడు పొడి ఆకు కలపండి. వేప, కానుగ నాలుగు నెలల్లో ఎరువవుతాయి. మామిడి, పనస, బాదం ఆకు మందం, ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది. వాటిని ముందు కారు చక్రాల కింద నలిపించి వేస్తే తొందరగా కుళ్లుతాయి. వండిన అన్నం, కూర వేయవద్దు. ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనక పాములు వస్తాయి. తిరగవేసేటప్పుడు బొటనవేలంత తెల్ల పురుగులు కనబడితే ఏరి పారేయండి, కొబ్బరి మొవ్వు తినే కొమ్ము పురుగు పిల్లలు కావచ్చు.

వానలు పడ్డాక

మే ఆఖరు వారంలో నిచ్చెన వేసుకుని సజ్జలు, డాబా గొట్టాలు, వాన గుంత జాలీ ఒకే రోజు శుభ్రం చేయించండి. ఆ ఒక్క రోజు కూలీ మిగతా నాలుగు నెలల తడి గోడలను తప్పిస్తుంది. తొలకరి సాయంత్రం ఉసిళ్లు లేస్తే దీపాలార్పేయండి, మర్నాడు రెక్కలు ఏ గుమ్మం దగ్గర కుప్పగా పడ్డాయో చూడండి. గోడలోంచో తలుపు చట్టంలోంచో వస్తే చెదల మందు పెట్టేవాళ్లను పిలవాల్సిందే, తోటలోంచి వస్తే అక్కర్లేదు.

డెంగీ దోమ చెరువులో కంటే మీ సజ్జ మీద ఆకు అడ్డుపడి నిలిచిన గ్లాసెడు నీళ్లలో ఎక్కువ సుఖంగా పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు. వారానికోసారి కుండీల కింది పళ్లాలు, పిట్టలకు పెట్టిన నీళ్ల మూకుడు, సంపు మూత అంచు పొడిగా తుడిస్తే ఆ చక్రం తెగుతుంది. ఆగస్టు నుంచి నవంబరు దాకా ఒక్క వారం కూడా మానవద్దు.

పాములు ఉంటాయి. ఎక్కువసార్లు కనిపించేది జెర్రిపోతు, దానికి విషం లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర కూడా ఉన్నాయి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది, నొప్పి పెద్దగా తెలియదు. వానాకాలంలో మంచం మీదే పడుకోండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ, బాత్రూము జాలీకి సన్న మెష్ బిగించండి. ఇటుకల కుప్ప, కట్టెల మోపు గోడకు ఆనించవద్దు. పాము ఇంట్లోకొస్తే ఆ గది తలుపు మూసి, ఒకరు దూరంగా నిలబడి ఆ తలుపును గమనిస్తూ ఉండాలి, ఇంకొకరు ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి ఫోన్ చేయాలి. వాళ్ల నంబరు ముందే సేవ్ చేసుకోండి. కాటు పడితే కోయడం, పీల్చడం, తాడు బిగించడం వద్దు. కాలో చెయ్యో కదలకుండా కర్ర కట్టి, విషానికి విరుగుడు మందు ఉండే పెద్దాసుపత్రికి నేరుగా తీసుకెళ్లాలి. గాంధీ ఆసుపత్రి సికింద్రాబాద్‌లోనే ఉంది. పామును పట్టుకెళ్లి చూపించే పని లేదు.

కోతులు యాప్రాల్, అల్వాల్ వైపు గుంపులుగా వస్తాయి. ట్యాంకు మూతకు తాళం, జామ, సపోటా మీద వల, వంటింటి కిటికీకి మెష్ ఉంటే మీ ఇల్లు వదిలి ముందుకు పోతాయి. ఎవరైనా ఒక్కరు అరటిపండు పెడితే ఆ వీధంతా రెండు నెలలు అనుభవిస్తుంది.

అక్టోబరు, నవంబరుల్లో ఏడాకుల పొన్న పూస్తుంది. సాయంత్రమైతే ఘాటు వాసన, కొందరికి తలనొప్పి, ఆయాసం. ఆస్తమా ఉన్నవాళ్లు ఇల్లు చూసేటప్పుడే వీధిలో ఆ చెట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టుకోవాలి. కొమ్మ మీద ఒక్కో కణుపు దగ్గర సాధారణంగా ఏడాకులు చక్రంలా ఉంటాయి, పూత లేని కాలంలోనూ గుర్తుపట్టవచ్చు. పడకగది కిటికీకి ఎదురుగా ఒకటుంటే, ఆ గది వదిలి వెనక గదిలో పడుకోవడానికి వీలుందో లేదో అడ్వాన్సు ఇవ్వకముందే చూసుకోండి.